మిగిలిన వాటితో సూప్: బలం నీళ్ళలో ఎంత, ముద్దలో ఎంత?

(రోగుల కుటుంబ సభ్యుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఆహార విభాగం వారు చేసిన ప్రసంగం)



వార్డులో మీ వాళ్ళను వదిలి వచ్చి ఇక్కడ కూర్చున్నారు. మీ మనసంతా అక్కడే ఉంటుందని నాకు తెలుసు. అందుకే ఎక్కువసేపు తీసుకోను. ఈ రోజు మాట్లాడేది మందుల గురించి కాదు. మీరు పొద్దున్నే ఫ్లాస్కులో పోసి తెచ్చే సూప్ గురించి.

ముందుగా ఒక తల్లి సంగతి చెబుతాను. ఆమెది పాలమూరు వైపు ఒక పల్లె. కొడుకుకు తొడ ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఆమె అమీర్‌పేటలో ఒక సందులో చిన్న గది అద్దెకు తీసుకుంది. రోజూ ఎముకలున్న మేక మాంసం అరకిలో కొని, చిన్న స్టవ్ మీద రెండు గంటలు మరిగించి, బట్టలో వడగట్టి, ఆ నీళ్ళు ఫ్లాస్కులో తెచ్చేది. "బొక్కల సూప్ తాగితే బొక్కలు అతుకుతయి" అని ఊళ్ళో అందరూ చెప్పారట. అబ్బాయికి అన్నం సహించడం లేదు కానీ సూప్ మాత్రం తాగుతున్నాడు. తాగుతున్నాడు కదా అని ఆమెకు ధైర్యం. మేము కూడా మొదట్లో అంతకన్నా ఎక్కువ అడగలేదు. పది రోజుల తర్వాత బరువు చూస్తే తగ్గింది. పుండు మానడం ఆలస్యమైంది. అప్పుడు అడిగాం, "వడగట్టాక మిగిలిన మాంసం ఏం చేస్తున్నావమ్మా?" అని. "సారమంతా నీళ్ళల్లకు దిగింది కదమ్మా, పిప్పి పారేస్తున్న" అంది. ఆ మాంసం కొనడానికి చెవి కమ్మలు కుదువ పెట్టిందని తర్వాత తెలిసింది.

ఆమె ప్రేమలో లోపం లేదు, శ్రమలో లోపం లేదు. కానీ బలమున్నది పారేసి, రుచి ఉన్నది బిడ్డకు పోసింది. ఈ పొరపాటు చాలా ఇళ్ళలో జరుగుతోంది. ఇది మీ ఇంట్లో జరగకూడదనే ఈ నాలుగు మాటలు.

సూప్ మనకు కొత్తది కాదు

సూప్ అంటే హోటల్లో ఇచ్చేది, మన వంట కాదు అనుకోకండి. ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టినప్పుడు మిగిలే నీళ్ళను పారబోయకుండా చింతపండు పులుసు పోసి కాచిందే ఉలవచారు. బొబ్బట్లకు శనగపప్పు ఉడికించి వార్చిన నీళ్ళే కట్టు. దానితో పెట్టేది కట్టు చారు. అన్నం వార్చిన గంజిలో ఉప్పు, మజ్జిగ కలిపి తాగి పొలానికి వెళ్ళిన తరం మనది. హైదరాబాదు పెళ్ళి విందులలో పోసే మరగ్, తెల్లవారుజామున హోటళ్ళలో దొరికే పాయా కూడా ఈ కుటుంబంలోవే. ఏ వంటలోనైనా మిగిలిన దానిని మరిగించి, రుచిని నీళ్ళలోకి దింపి వాడుకోవడం మన అమ్మమ్మలకు తెలిసిన పనే. హోటళ్ళలో దీన్ని స్టాక్ అంటారు. మనం కట్టు అనే పిలుచుకుందాం.

అయితే ఒక సంగతి గమనించండి. మన పెద్దలు కట్టు చారు పెట్టిన రోజున పప్పును పారేయలేదు. దానితో బొబ్బట్లు చేశారు. ఉలవచారు అన్నంలో కలుపుకొని తిన్నారు. ఒట్టి కట్టు తాగి ఎవరూ కడుపు నింపుకోలేదు.

ఎముకల నీళ్ళలో ఏముంది?

పంజగుట్టలోని నిమ్స్ 1960లలో మొదట ఎముకల ఆసుపత్రిగానే మొదలైంది. విరిగిన ఎముకలతో వచ్చేవారు, వారికి సూప్ మోసుకొచ్చేవారు ఈ వీధులకు కొత్త కాదు. ఎముకల నీళ్ళ మీద ఈ నమ్మకం మన దగ్గరే కాదు, ప్రపంచమంతటా ఉంది.

మన ఇంట్లో విజిల్ వేసే ప్రెషర్ కుక్కర్‌కు మూలమైన పాత్రను 1679లో డెనిస్ పాపెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లండన్‌లో చూపించారు. గట్టి ఎముకలను మెత్తగా ఉడికించి వాటిలోని సారం తీయాలన్నదే ఆయన ఉద్దేశం. ఆ తర్వాత 1800లలో ఫ్రాన్సులో ఎముకల నుంచి జెలటిన్ తీసి, దానితో సూప్ కాచి ఆసుపత్రులలో రోగులకు, పేదలకు పోశారు. ఖర్చు తక్కువ, మాంసంతో సమానం అని చెప్పారు. ఇది నిజమా కాదా అని అక్కడి శాస్త్ర అకాడమీ ఒక సంఘాన్ని వేసింది. మజాండి అనే వైద్య శాస్త్రవేత్త ఆధ్వర్యంలో ఏళ్ళ తరబడి పరీక్షలు జరిగాయి. 1841లో వచ్చిన నివేదిక సారాంశం ఇది: ఒట్టి జెలటిన్ పెట్టిన కుక్కలు చిక్కిపోయాయి, జెలటిన్ ఒక్కటే ప్రాణాన్ని నిలబెట్టలేదు.

కారణం తర్వాతి కాలంలో తెలిసింది. శరీరం కండను, చర్మాన్ని తిరిగి కట్టుకోవడానికి అన్ని రకాల అమైనో ఆమ్లాలు కావాలి. వాటిలో ట్రిప్టోఫాన్ అనేది జెలటిన్‌లో లేదు. ఒక్క ఇటుక రకం లేకపోయినా గోడ లేవదు కదా. చల్లారాక సూప్ గడ్డ కట్టిందంటే దానిలో జెలటిన్ ఉందని అర్థం. అది మంచిదే, కానీ అదొక్కటే చాలదు. పాయాలో కూడా ఎక్కువగా ఉండేది చర్మం, నరాలు, జిగురే. కండ చాలా తక్కువ.

మరి సున్నం, అంటే క్యాల్షియం సంగతి? ఎముకలో క్యాల్షియం నిండా ఉంది. కానీ అది నీళ్ళలో సులభంగా కరగదు. గంటల తరబడి మరిగించినా సూప్‌లోకి దిగేది చాలా కొద్ది. ఒక పెద్ద గ్లాసు పాలలో సుమారు 300 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది. 100 గ్రాముల రాగి పిండిలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. ఎముక అతకడానికి రాగి జావ, పాలు, పెరుగు చేసే మేలు బొక్కల సూప్ చేయదు.

మరైతే సూప్ దండగా అంటారేమో. కాదు. జ్వరంతో నోరు చేదెక్కినవారికి వేడి సూప్ నోటికి హితవుగా ఉంటుంది, ఆకలి పుట్టిస్తుంది. నీళ్ళు తాగనివారి ఒంట్లోకి నీళ్ళు వెళ్తాయి. నమలలేనివారికి మెత్తని ఆహారాన్ని అందులో కలిపి ఇవ్వవచ్చు. సూప్ ఒక బండి లాంటిది. బండి కావాలి. కానీ ఖాళీ బండి పంపితే ఇంటికి సరుకు చేరదు.

మిగులు వేరు, ఎంగిలి వేరు

మిగిలిన వాటితో సూప్ అన్నాం కదా, ఏ మిగులు అన్నది ముఖ్యం. మూడు రకాలుగా చూడండి.

మొదటిది, వంట చేసేటప్పుడు కోసి పక్కన పెట్టేవి: కొత్తిమీర కాడలు, క్యాబేజీ మధ్య దుంప, కాలీఫ్లవర్ లేత కాడలు, క్యారెట్ చివరలు, బీరకాయ పొట్టు, లేత సొరకాయ తొక్క, పచ్చి బఠానీ తొక్కలు, ఉల్లిపాయ లోపలి పొరలు, మెత్తబడినా కుళ్ళని టమాటాలు. కోడిని కొట్టించినప్పుడు వచ్చే మెడ, వీపు ముక్కలు, రెక్కల చివరలు. ఇవి కట్టుకు పనికొస్తాయి.

రెండవది, వండినా ఎవరూ ముట్టని ఆహారం: గిన్నెలో మిగిలిన ముద్దపప్పు, ఉడికించిన కూరగాయలు. వండిన రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టి ఉంటేనే మర్నాడు ఒక్కసారి బాగా మరిగించి ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు వాడుకోవచ్చు. రోగికి మాత్రం అప్పటికప్పుడు వండిందే మేలు.

మూడవది ఎంగిలి: కంచంలో మిగిలినవి, కొరికి వదిలిన ఎముకలు, రోగి సగం తాగి పెట్టిన సూప్. "మళ్ళీ మరిగిస్తే ఏమవుతుందిలే" అని దీన్ని వాడకండి. పిల్లలు చీకిన ఎముకలు కడిగి మరిగించడం కూడా వద్దు.

ఇంకో జాగ్రత్త. సొరకాయ, బీరకాయ, దోసకాయ కోసేటప్పుడు చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి. ఆ చేదు విషం. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఉడికించినా అది పోదు. పచ్చబడిన, మొలకెత్తిన బంగాళాదుంపలు, వాటి తొక్కలు, బూజు పట్టినవి కూడా వద్దు.

అమీర్‌పేటలో గది తీసుకున్నవారికి ఒక మాట. కూరగాయలకు ఎర్రగడ్డ రైతు బజారు దూరం కాదు. మెట్రోలో అమీర్‌పేట నుంచి మూడో స్టేషన్. ఆకుకూర కట్టలు, క్యారెట్లు తాజాగా కొంటే తొక్కలు కూడా తాజాగా ఉంటాయి. కోయకముందే ధారగా పడే నీళ్ళ కింద రుద్ది కడగండి. కోశాక కడగడం ఆలస్యమే.

కూరగాయల కట్టు

పైన చెప్పిన ముక్కలు రెండు గుప్పెళ్ళు, సగం ఉల్లిపాయ, వేలెడు అల్లం ముక్కలో సగం, నాలుగు మిరియాలు, చిటికెడు జీలకర్ర, లీటరు నీళ్ళు. కుక్కర్‌లో రెండు విజిల్స్ చాలు. మామూలు గిన్నెలో అయితే మూత పెట్టి చిన్న మంట మీద అరగంట. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఎక్కువ వేస్తే వాసన వస్తుంది, కొద్దిగానే వేయండి. వడగట్టాక మిగిలే తొక్కల పిప్పి పారేయవచ్చు. అక్కడ మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

ఎముకల కట్టు

కోడి ఎముకల ముక్కలు అరకిలో, లీటరున్నర నీళ్ళు. నీళ్ళు తెర్లినప్పుడు పైకి వచ్చే మురికి నురుగు గరిటెతో తీసేయండి. తర్వాత ఉల్లి, అల్లం, మిరియాలు, కొద్దిగా పసుపు వేసి చిన్న మంట మీద గంటసేపు, లేదా కుక్కర్‌లో నాలుగైదు విజిల్స్. మేక ఎముకలైతే విజిల్ వచ్చాక మంట తగ్గించి అరగంట ఉంచండి. పైన తేలే కొవ్వు తీసేయండి. వడగట్టాక జల్లెడలో మిగిలిన ఎముకలను పట్టుకొని, వాటికి అంటుకున్న మాంసమంతా చేతితో తీయండి. చిన్న ఎముక ముక్క కూడా లేకుండా వేళ్ళతో నలిపి చూడండి. ఆ మాంసమే మీరు డబ్బు పెట్టి కొన్నది. మెత్తగా రుబ్బి లేదా చిదిపి మళ్ళీ సూప్‌లో కలపండి.

నీళ్ళను ఆహారంగా మార్చడం

భారతీయ వైద్య పరిశోధన మండలి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న 65 కిలోల పురుషుడికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఆపరేషన్ అయినవారికి, కాలిన గాయాలవారికి అంతకన్నా ఎక్కువ అవసరం. ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. ఒక గ్లాసు పాలలో 8. రెండు పెద్ద చెంచాల పచ్చి పెసరపప్పు, అంటే సుమారు 30 గ్రాములు ఉడికిస్తే 7 గ్రాములు. తొక్కల కట్టులో దాదాపు ఏమీ ఉండవు.

కాబట్టి ప్రతి గ్లాసు కట్టులో ఈ కింది వాటిలో ఒకటి కలపండి:

1. మెత్తగా ఉడికించి ఎనిపిన పెసరపప్పు లేదా కందిపప్పు రెండు పెద్ద చెంచాలు. పైన తేరిన నీళ్ళు కాదు, అడుగున ఉన్న ముద్ద.

2. ఒక గుడ్డు గిలకొట్టి, మరుగుతున్న సూప్‌లో సన్నని ధారగా పోసి పూర్తిగా ఉడకనివ్వండి. పచ్చిగా ఉండకూడదు.

3. ఎముకల నుంచి తీసిన మాంసం లేదా విడిగా ఉడికించిన కోడి మాంసం, మెత్తగా రుబ్బింది.

4. చెంచాడు రాగి పిండి చల్లని నీళ్ళలో కలిపి సూప్‌లో పోసి ఉండ కట్టకుండా ఉడికించండి. చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ కన్నా ఇది మేలు.

ఆపైన కొద్దిగా మిరియాల పొడి, దించాక నిమ్మరసం. ఉప్పు డాక్టరు చెప్పినంతే. బజారులో దొరికే సూప్ పొడులు, సూప్ బిళ్ళలలో ఉప్పు చాలా ఎక్కువ. అవి వేస్తే మీరు ఇంట్లో పడిన కష్టానికి అర్థం ఉండదు.

ఎవరికి అడగకుండా ఇవ్వకూడదు?

కిడ్నీ జబ్బు ఉన్నవారికి: కూరగాయలను ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు వార్చి పారబోయమని మేము వారికి చెబుతాం. కూరలలోని పొటాషియం ఆ నీళ్ళలోకి దిగుతుంది, అది వారి గుండెకు ప్రమాదం. కూరగాయల కట్టు అంటే ఆ పారబోయవలసిన నీళ్ళే. బలమని తెచ్చి పోయకండి.

గుండె బలహీనమై కాళ్ళ వాపులు ఉన్నవారికి: రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరు లెక్క చెప్పి ఉంటారు. సూప్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

పక్షవాతం వచ్చినవారికి: మింగడం తడబడితే పలచని నీళ్ళు ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా వస్తుంది. మింగే పరీక్ష చేసి, ఎంత చిక్కగా ఇవ్వాలో మేము చెప్పేవరకు ఆగండి. పడుకోబెట్టి ఎవరికీ తాగించకండి.

ముక్కు గొట్టం ఉన్నవారికి: ఇంటి సూప్ గొట్టంలో పోయకండి. గొట్టం మూసుకుపోతుంది, రోగికి కావలసిన కొలత కూడా తప్పుతుంది.

క్యాన్సర్ మందులు తీసుకుంటున్నవారికి: అప్పటికప్పుడు వండిన సూప్ మాత్రమే. నిల్వ ఉంచింది ఒక్క గుటక కూడా వద్దు.

యూరిక్ యాసిడ్ వల్ల కీళ్ళ వాపు ఉన్నవారికి: మాంసం, ఎముకల సూప్ డాక్టరును అడిగాకే.

ఆపరేషన్ అయిన రోజున: ఎప్పుడు తాగవచ్చో సిస్టర్ చెప్పేవరకు చుక్క కూడా ఇవ్వకండి.

గది నుంచి వార్డు దాకా

చాలామంది ఫ్రిజ్ లేని గదుల్లో ఉంటున్నారు. అందుకే ఒక పూటకు సరిపడా మాత్రమే కాచండి. బయట రెండు గంటలకు మించి ఉంచకండి. ఎండ 32 డిగ్రీలు దాటే రోజులలో ఒక్క గంటే. వాసన బాగుంది, రుచి మారలేదు అని నమ్మకండి. అన్నం, గంజి, మాంసం నీళ్ళలో పెరిగే కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషం మళ్ళీ మరిగించినా పోదు.

ఫ్లాస్కులో ముందు మరుగుతున్న నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోయండి. తర్వాత పొగలు కక్కే సూప్ నిండా పోసి వెంటనే మూత బిగించండి. సగం నింపిన ఫ్లాస్కు త్వరగా చల్లారిపోతుంది. అమీర్‌పేట నుంచి పంజగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషనే. కానీ సాయంత్రం రోడ్డు మీద ఆటోలో ఎంతసేపు పడుతుందో చెప్పలేం. ఆ సమయం కూడా లెక్కలో వేసుకోండి. తెచ్చిన వెంటనే తాగించండి. మిగిలింది రాత్రికి దాచకండి.

హోటల్ నుంచి తెచ్చేవారు వేడి సూప్‌ను పల్చటి ప్లాస్టిక్ కవరులో పోయించుకోకండి. స్టీలు క్యారియర్ తీసుకెళ్ళండి. ఫ్లాస్కు మూతను, లోపలి రబ్బరును రోజూ విడదీసి సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి. మురికి దాక్కునేది అక్కడే.

చివరగా

మొదట చెప్పిన ఆ తల్లి దగ్గరికి వస్తాను. ఆ తర్వాత ఆమె రోజూ మాంసం కొనడం మానేసింది. వారానికి రెండుసార్లు కోడి, మిగతా రోజులలో పప్పు, గుడ్లు. మాంసం పిప్పిని ఇక పారేయలేదు, మెత్తగా రుబ్బి సూప్‌లో కలిపింది. ఉదయం రాగి జావ, రాత్రి పాలు. ఖర్చు సగానికి తగ్గింది. మూడో వారానికి అబ్బాయి బరువు తగ్గడం ఆగింది. మెల్లగా పెరుగన్నం కూడా తినసాగాడు. ఇంటికి వెళ్ళే రోజున ఆమె నాతో, "ముందే ఎవరన్న చెప్తే నా కమ్మలు నాకు ఉండేటియి కదమ్మా" అంది. ఆ మాట నేను మరచిపోలేదు. అందుకే ఇప్పుడు వార్డులో చేరిన మొదటి రోజే మీ అందరినీ అడుగుతున్నాం, ఇంటి నుంచి ఏం తెస్తున్నారని. దయచేసి దాచకుండా చెప్పండి. మేము కోప్పడం.

రేపు ఫ్లాస్కు మూత బిగించే ముందు ఒక్కసారి గరిటెతో అడుగుదాకా కలిపి చూడండి. గరిటెకు ముద్ద తగిలితే అది మీ వాళ్ళకు ఆహారం. ఒట్టి నీళ్ళే వస్తే కాస్త పప్పో, గుడ్డో వేసి మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. పది నిమిషాల పని.

మీ వాళ్ళు త్వరగా కోలుకొని, మీతో కలిసి ఇంట్లో కూర్చుని కడుపునిండా అన్నం తినాలని మనసారా కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను. సందేహాలు ఉన్నవారు ఆహార విభాగానికి రండి, మీ రోగి కేస్ షీటు చూసి మాట్లాడుకుందాం.